రికార్డు కొట్టడం ఒకెత్తు, దాన్ని రికార్డు చేయడం ఇంకోఎత్తు: పూల్ బల్ల దగ్గర తీసిన వీడియోకి విలువెంత?

2019 మే 27న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మాంటెరే పట్టణంలో జాన్ ష్మిట్ అనే పూల్ ఆటగాడు వరసగా 626 బంతులు పాకెట్లలో వేశాడు. మధ్యలో ఒక్కటి కూడా తప్పలేదు. 65 ఏళ్లుగా నిలిచి ఉన్న 526 బంతుల రికార్డు ఆ రోజు పడిపోయింది. పక్కన కెమెరా కూడా నడుస్తూనే ఉంది. అయినా ఆ తర్వాత చాలా కాలం పూల్ అభిమానులందరి నోటా ఒకటే మాట: "బాగుంది, మరి వీడియో ఏదీ?"

ఆ వీడియో వెంటనే బయటకు రాలేదు. ఉచితంగా పెట్టేస్తే దాని ధర పోతుందని ఒక వాదన. పెట్టకపోతే నమ్మకం పోతుందని ఇంకో వాదన. ఆట సంగతి పక్కన పెడితే ఇది అచ్చంగా వ్యాపారం ప్రశ్న. ఒక ఘనతను కెమెరాలో బంధిస్తే దానికి వచ్చే విలువ ఎంత? అది ఎవరి జేబులోకి పోతుంది? ఎప్పటిదాకా ఉంటుంది?

శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలకు ఇది ఎక్కడో అమెరికా సంగతి అనిపించొచ్చు. కానీ ఇప్పుడు మన పిల్లల ప్రతి ఆటా ఎవరో ఒకరి ఫోన్‌లో రికార్డవుతోంది. ఏడు రోడ్ల జంక్షన్ వైపు అయినా, గంటస్తంభం వైపు అయినా పూల్ బల్ల, క్యారమ్ బోర్డు, వ్యాయామశాల దగ్గర నలుగురు చేరితే అందులో ఇద్దరి ఫోన్లు పైకి లేస్తాయి. ఆ వీడియో ఎవరిది అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. గొడవ వచ్చాకే అడుగుతారు.

అసలు ఈ 626 లెక్క ఏమిటి?

ఈ ఆట పేరు స్ట్రెయిట్ పూల్. ఏ బంతిని ఏ పాకెట్‌లో వేస్తాడో ఆటగాడు ముందే చెప్పాలి. బంతికి ఒక పాయింటు. బల్ల మీద 15 బంతులుంటాయి. 14 పడగానే ఆ 14నూ మళ్లీ త్రికోణంలో పేరుస్తారు. మిగిలిన ఒక్క బంతిని పాకెట్‌లో వేస్తూ, అదే దెబ్బతో తెల్లబంతిని పంపి ఆ గుంపును చెదరగొట్టాలి. తప్పేదాకా ఆట అతనిదే. అంటే 626 కొట్టాలంటే బంతులను 40 సార్లకు పైగా మళ్లీ పేర్చాలి. ప్రతిసారీ గుంపు చెదరాలి, ప్రతిసారీ తర్వాతి బంతికి దారి దొరకాలి. గంటల తరబడి ఒకే మనిషి, ఒకే ఏకాగ్రత.

ఇక్కడే మొదటి వ్యాపార చిక్కు ఉంది. గంటల తరబడి సాగే ఆటను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసేవాళ్లు చాలా తక్కువ. అందరికీ కావాల్సింది చివరి రెండు నిమిషాలే. కానీ ఆ రెండు నిమిషాలు నిజమని నమ్మాలంటే మొత్తం వీడియో ఉండాలి. సూటిగా చెప్పాలంటే, పూర్తి రికార్డింగ్ సాక్ష్యం, చిన్న ముక్క సరుకు. సాక్ష్యం లేని సరుకును ఎవరూ కొనరు. సరుకుగా మలచని సాక్ష్యం డబ్బు తేదు.

కెమెరా లేకుండా 65 ఏళ్లు నిలిచిన రికార్డు

ష్మిట్ దాటిన 526 రికార్డు విల్లీ మోస్కోనీది. 1954 మార్చి 19న ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక ప్రదర్శన ఆటలో ఆయన దాన్ని కొట్టారు. అది 200 పాయింట్ల ఆట. గెలిచాక కూడా ఆపకుండా కొడుతూనే పోయారు. ఆ ఆటను ఎవరూ ఫిల్మ్ తీయలేదు. ఆ రికార్డును నిలబెట్టింది ఒక కాగితం. అక్కడ కూర్చుని చూసినవాళ్లు సంతకాలు పెట్టిన అఫిడవిట్ అది.

కాగితం రికార్డును కాపాడింది గానీ అనుమానాలను ఆపలేదు. మోస్కోనీ ఆడింది 8 అడుగుల బల్ల. పెద్ద పోటీల్లో వాడేది 9 అడుగులది. పాకెట్ల వెడల్పు ఎంత, బంతి సులువుగా పడిందా, కష్టంగా పడిందా అని దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఫిల్మ్ ఉండి ఉంటే సగం వాదన అక్కడే తీరిపోయేది.

మరి మోస్కోనీకి ఆ రికార్డు డబ్బు తేలేదా? తెచ్చింది, వేరే దారిలో. ఆయన 1941, 1957 మధ్య 15 సార్లు ప్రపంచ టైటిల్ గెలిచిన మనిషి. బల్లలు తయారుచేసే బ్రన్స్‌విక్ కంపెనీ తరఫున ఊరూరా ప్రదర్శనలిచ్చేవారు. 1961లో వచ్చిన 'ది హస్లర్' సినిమాకి సాంకేతిక సలహాదారు ఆయనే. ప్రదర్శనకు పిలుపు, కంపెనీ జీతం, సినిమా పని, ఇవన్నీ పేరు మీద వచ్చిన ఆదాయం. 526 అనే అంకె ఆ పేరుకు తోకలా జీవితాంతం అంటుకుని ఉంది. అంటే రికార్డును నేరుగా అమ్ముకోవడం ఒక దారి అయితే, రికార్డుతో మనిషి విలువ పెంచుకోవడం రెండో దారి. ఈ రెండో దారిలోనే డబ్బు ఎక్కువ కాలం వస్తుంది.

వీడియో దాస్తే ఏమైంది?

ష్మిట్ దగ్గర మోస్కోనీకి లేనిది ఉంది: పూర్తి వీడియో. అమెరికాలోని బిలియర్డ్ కాంగ్రెస్ ఆఫ్ అమెరికా ఆ వీడియోను పరిశీలించి రికార్డును గుర్తించింది. కానీ సామాన్య అభిమానికి మాత్రం చాలా కాలం అది అందుబాటులో లేదు.

దాచడం వెనుక ఉన్న లెక్క అర్థం కానిదేమీ కాదు. నెలల తరబడి ప్రయత్నించి, ఖర్చు పెట్టుకుని సాధించిన దాన్ని ఉచితంగా ఎందుకు ఇవ్వాలి? వీడియో అనే సరుకు బిర్యానీ లాంటిది కాదు. బిర్యానీ రుచి చూశాక ఇంకో ప్లేటు కావాలనిపిస్తుంది. రికార్డు వీడియో ఒకసారి చూసేస్తే చాలామందికి పని అయిపోతుంది. కాబట్టి చూపించక ముందే ధర కుదుర్చుకోవాలి. చూపించకుండా ధర కుదరాలంటే కొనేవాడికి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం రావాలంటే చూపించాలి. ఈ ముడి విప్పడమే అసలు వ్యాపారం.

దాచిన కొద్దీ రెండు నష్టాలు మొదలయ్యాయి. ఒకటి, అనుమానం. "దాస్తున్నాడంటే ఏదో తప్పు జరిగి ఉంటుంది" అనేవాళ్లు పెరిగారు. నిజంగా తప్పు లేకపోయినా ఆ మాట విలువను తినేస్తుంది. రెండోది, కాలం. 2022 జనవరిలో స్కాట్లాండ్‌కు చెందిన జేసన్ షా 714 కొట్టాడు. అంటే ష్మిట్ రికార్డు మూడేళ్లు కూడా నిలవలేదు. మోస్కోనీ అంకెకు 65 ఏళ్లు మార్కెట్ ఉంది. ష్మిట్ అంకెకు ఉన్నది రెండేళ్ల ఎనిమిది నెలలు. రెండో స్థానంలోకి జారిన రికార్డు వీడియోను ఎవరు కొంటారు?

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కానీ పాఠం ఉంది. రికార్డు వీడియో పాడైపోయే సరుకు. చేపల మార్కెట్లో పొద్దున ధర సాయంత్రానికి ఉండదు. ఇక్కడా అంతే.

విరామానికి వెళ్లిన టీవీ బృందం

పూల్‌కు దగ్గరి బంధువు స్నూకర్. అందులో ఒక్క విడతలో మామూలుగా కొట్టగలిగే గరిష్ఠ స్కోరు 147. దీని చరిత్ర చూస్తే రికార్డింగ్ విలువ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

1979లో ఇంగ్లండ్‌లోని స్లౌ పట్టణంలో జరిగిన పోటీలో జాన్ స్పెన్సర్ 147 కొట్టారు. ఆ పోటీని టీవీ కోసం చిత్రీకరిస్తున్నారు. కానీ సరిగ్గా ఆ సమయానికి టీవీ బృందం విరామంలో ఉంది. దాంతో టీవీలో తొలి 147 చేజారింది. పైగా బల్ల పాకెట్లు నిబంధనలకు సరిపోలేదని ఆ స్కోరు అధికారిక లెక్కల్లోకి కూడా రాలేదు.

మూడేళ్ల తర్వాత, 1982 జనవరి 11న ఓల్డమ్‌లో స్టీవ్ డేవిస్ 147 కొట్టారు. అది టీవీలో రికార్డయింది. బహుమతిగా స్పాన్సర్ కంపెనీ లాడా కారు ఇచ్చింది. ఆ రోజు డేవిస్‌కు ఎదురుగా కూర్చుని చూసిన ప్రత్యర్థి ఎవరో తెలుసా? అదే జాన్ స్పెన్సర్. ఇద్దరూ కొట్టింది అదే 147. ఒకరి ఆట ఇవాళ్టికీ ఫోన్‌లో చూడొచ్చు. ఇంకొకరిది కథగా మాత్రమే మిగిలింది.

1983లో కెనడా ఆటగాడు క్లిఫ్ థోర్బర్న్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తొలి 147 కొట్టి 10,000 పౌండ్ల బోనస్ అందుకున్నారు. 1997 ఏప్రిల్ 21న రోనీ ఓ'సులివన్ అదే పోటీలో అత్యంత వేగంగా 147 కొట్టి 1,47,000 పౌండ్లు తీసుకున్నారు. 5 నిమిషాల 20 సెకన్లు అని అప్పట్లో రాసుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత కొందరు పాత వీడియోను మళ్లీ సెకన్ల లెక్కన కొలిస్తే 5 నిమిషాల 8 సెకన్లే అని తేలింది. గిన్నిస్ వాళ్లు కూడా అంకె మార్చుకున్నారు. ఈ లెక్కన సెకనుకు దాదాపు 477 పౌండ్లు. వీడియో మొదటి నుంచి చివరి దాకా ఉండబట్టే ఆ 12 సెకన్లు తిరిగొచ్చాయి. కాగితం మీది అంకె అయితే ఎప్పటికీ 5:20గానే ఉండిపోయేది.

బహుమతి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంత పెద్ద బోనస్‌లు నిర్వాహకులు ఎలా ప్రకటిస్తారు? చాలాసార్లు దీని వెనుక బీమా ఉంటుంది. నిర్వాహకుడు చిన్న ప్రీమియం కడతాడు. ఎవరైనా ఆ ఘనత సాధిస్తే బీమా కంపెనీ చెల్లిస్తుంది. సాధించడం అరుదైతే ప్రీమియం తక్కువ, తరచుగా జరిగితే ఎక్కువ. ఇలాంటి పాలసీల్లో మామూలుగా ఉండే షరతు, ఆపకుండా తీసిన వీడియో, సంబంధం లేని సాక్షులు. వీడియో లేదంటే క్లెయిమ్ లేనట్టే.

2010లో గ్లాస్గోలో ఓ'సులివన్ ఆట మధ్యలో "147 కొడితే బహుమతి ఎంత?" అని అడిగారు. ప్రత్యేక బహుమతి ఏమీ లేదని తెలిశాక 140 దగ్గర ఆగి, చివరి నల్లబంతి కొట్టకుండానే ప్రత్యర్థికి చేయి ఇచ్చేశారు. అభిమానుల కోసమైనా కొట్టమని రిఫరీ నచ్చజెప్పాక కొట్టారు. 2016లో వేల్స్‌లో బహుమతి 10,000 పౌండ్లే అని తెలిసి, కావాలనే 146 దగ్గర ముగించారు. కొందరికి అది పొగరు. కానీ ఆయన చెప్పకనే చెప్పిన సంగతి ఒకటుంది: ఈ దృశ్యంతో టీవీలు, స్పాన్సర్లు సంపాదిస్తారు, మరి ఆడినవాడి వాటా ఎంత?

సౌదీ కూడా ఈ లెక్క పట్టుకుంది. 2024 మార్చిలో రియాద్‌లో జరిగిన పోటీలో 20 పాయింట్ల బంగారు బంతి ఒకటి అదనంగా పెట్టారు. 147 కొట్టి దాన్ని కూడా వేస్తే మొత్తం 167, బహుమతి 5 లక్షల డాలర్లు. అదే ఏడాది డిసెంబరు పోటీకి దాన్ని 10 లక్షలు చేశారు. రెండుసార్లూ ఎవరికీ దక్కలేదు. కానీ దక్కుతుందేమో అన్న ఆశ మీదే ప్రపంచమంతా ఆ పోటీ గురించి మాట్లాడుకుంది. డబ్బు ఇవ్వకుండానే ప్రచారం దొరికింది.

మన ఉత్తరాంధ్రలో ఈ లెక్క

శ్రీకాకుళంలో స్టేడియానికి ఉన్న పేరు కోడి రామమూర్తిది. పాత శ్రీకాకుళం జిల్లా వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ కంపెనీ పెట్టి దేశవిదేశాల్లో ప్రదర్శనలిచ్చిన మల్లయోధుడు ఆయన. గొలుసులతో కట్టిన కార్లను కదలకుండా ఆపడం, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం గురించి తాతలు చెప్పగా విన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టికెట్ పెట్టి జనాన్ని రప్పించిన ఘనత అది. ఆయన 1942లో కన్నుమూశారు. ఆ ఘనత మన తరానికి ఎక్కువగా చెప్పుకోవడం ద్వారా, పుస్తకాల ద్వారా, విగ్రహాల ద్వారానే చేరింది. చూసి నమ్మే అవకాశం లేని ఘనత నెమ్మదిగా కథ అయిపోతుంది. కథకు గౌరవం ఉంటుంది, రాయల్టీ ఉండదు.

రెండో ఉదాహరణ ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఆమె ఎత్తిన ప్రతి కిలో కెమెరాలో ఉంది. కానీ ఒలింపిక్ దృశ్యాల హక్కులు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీవి. బరువు ఎత్తింది శ్రీకాకుళం అమ్మాయి, వీడియో యజమాని స్విట్జర్లాండ్‌లోని సంస్థ. ఇందులో మోసం ఏమీ లేదు, పోటీలో దిగే ప్రతి క్రీడాకారుడూ ఆ నిబంధనలకు ఒప్పుకునే దిగుతాడు. తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఆడినవాడు వీడియోకి యజమాని కావడం అనేది దానంతట అదే జరగదు.

వీడియో ఎవరిది? చట్టం ఏమంటుంది?

ఒక ఉదాహరణ అనుకుందాం. విజయనగరంలో ఒక కుర్రాడు పార్లర్‌లో వరసగా వంద బంతులు వేశాడు. బల్ల పార్లర్ యజమానిది, ఫోన్ స్నేహితుడిది, ఆట కుర్రాడిది. రేపు ఒక టీవీ చానల్ ఆ వీడియోకి డబ్బిస్తానంది. "భాయ్, నా ఫోన్లో తీశాను, నాదే" అంటాడు స్నేహితుడు. "నా పార్లర్ కాబట్టి నాది" అంటారు యజమాని. "కొట్టింది నేను కదా" అంటాడు కుర్రాడు.

మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం వీడియోకి తొలి హక్కుదారు నిర్మాత. నిర్మాత అంటే ఆ వీడియో తీయడానికి చొరవ చూపి, బాధ్యత తీసుకున్న వ్యక్తి. కాబట్టి స్నేహితుడు తనంతట తాను తీసి ఉంటే అతని వాదనకే బలం. కుర్రాడు ముందే కెమెరా ఏర్పాటు చేయించుకుని, ఖర్చు తాను పెట్టుకుని, "ఇది నా కోసం తీస్తున్నావు" అని రాసుకుని ఉంటే అతనే నిర్మాత. ఈ హక్కు వీడియో విడుదలయ్యాక 60 ఏళ్లు ఉంటుంది. రెండు లైన్ల కాగితం విలువ అంత.

హక్కులు అమ్మేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. నోటిమాట చెల్లదు. ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లకు అని చట్టం అనుకుంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు ఒప్పందంలో కనిపిస్తే అక్కడ ఆగి ఆలోచించాలి. అంత ఇచ్చేటప్పుడు ధర కూడా అంత ఉండాలి. ఇంకో మంచి పద్ధతి, హక్కును పూర్తిగా అమ్మకుండా వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇవ్వడం. అలా చేస్తే ఒకే వీడియో ముగ్గురికి ఇవ్వొచ్చు.

ఆటగాడికి 18 ఏళ్లు నిండకపోతే ఇంకో సంగతి. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ తేల్చింది. కాబట్టి అమ్మానాన్నలే చదివి సంతకం చేయాలి. పిల్లల ఆదాయాన్ని మామూలుగా తల్లిదండ్రుల ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. కానీ బిడ్డ సొంత నైపుణ్యంతో, ప్రతిభతో సంపాదించినది అలా కలపరు. అందుకే ఆ డబ్బు బిడ్డ పేరు మీది ఖాతాలోకే వచ్చేలా చూసుకోవడం మంచిది.

యూట్యూబ్‌లో పెడితే ఎంత?

చాలామంది ఆశ ఇక్కడే. యాడ్స్ డబ్బు రావాలంటే చానల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతో పాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ ఉండాలి. అప్పుడు పెద్ద వీడియోల యాడ్ ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం చానల్‌కు వస్తుంది.

దీని అర్థం ఏమిటి? కొత్త చానల్‌లో ఒక్క రికార్డు వీడియో పెట్టి, అది వారంలో వైరల్ అయినా, అప్పటికి చానల్ అర్హత సాధించకపోతే ఆ వారం యాడ్స్ డబ్బు చేతికి రాదు. ఆ లోపు వేరే చానళ్లు దాన్ని ఎత్తుకుపోయి పెట్టేస్తాయి. కాబట్టి ఘనత కంటే ముందు చానల్ సిద్ధంగా ఉండాలి. సాధన వీడియోలు, ఓడిపోయిన ప్రయత్నాలు, పాఠాలు వారం వారం పెడుతూ పోతే రికార్డు రోజుకు చూసేవాళ్లు అప్పటికే ఉంటారు. ష్మిట్ తికమకకు కూడా ఇదొక జవాబు. పూర్తి వీడియోను నమ్మకం కోసం అందరికీ చూపించి, సంపాదన మాత్రం పాఠాలు, ప్రదర్శనలు, క్యూల అమ్మకం మీద చూసుకోవడం. మోస్కోనీ నడిచిన దారే అది, ఫోన్ కాలానికి తగ్గట్టు.

గిన్నిస్ సంగతి కూడా చెప్పుకోవాలి. సాధారణ దరఖాస్తుకు జవాబు రావడానికి 12 వారాల దాకా పట్టొచ్చు. ముందు దరఖాస్తు చేసి, వాళ్లిచ్చే నియమాలు చదివి, తర్వాతే ప్రయత్నించాలి. రికార్డు సాధించినందుకు గిన్నిస్ డబ్బివ్వదు. వాళ్ల లోగో వ్యాపారానికి వాడాలంటే విడిగా అనుమతి కావాలి. "డబ్బు కడితే గిన్నిస్ సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అనే మధ్యవర్తులను దూరం పెట్టాలి.

పందెం డబ్బు జోలికి వద్దు

పూల్ పార్లర్ అనగానే ఇళ్లలో పెద్దలు ముఖం చిట్లించేది ఆట వల్ల కాదు, పందేల వల్ల. ఆ భయం అర్థం లేనిది కాదు. ఇద్దరు ఆటగాళ్లు చెరో వెయ్యి పెట్టి గెలిచినవాడు పట్టుకుపోతే అది జూదం, మన దీన్ ప్రకారం హరామ్. నిర్వాహకుడు ఇచ్చే బహుమతి, ప్రదర్శనకు ఇచ్చే ఫీజు, పాఠం చెప్పినందుకు జీతం, వీడియో హక్కుకు ధర, ఇవి వేరు. ఈ తేడా పిల్లలకు ఇంట్లోనే చెప్పాలి.

ఎందుకంటే వీడియో కాస్త పేలగానే మొదట తలుపు తట్టేది బెట్టింగ్ యాప్‌ల వాళ్లే. మిగతా స్పాన్సర్ల కన్నా ఎక్కువ ఇస్తామంటారు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలతో పాటు వాటి ప్రచారాన్ని కూడా నేరం చేసింది. అదే ఏడాది బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారంటూ తెలంగాణలో యూట్యూబర్ల మీద, సినీ నటుల మీద పోలీసు కేసులు నమోదయ్యాయి. ఒక్క వీడియోకి వచ్చే పాతిక వేలు కోర్టు ఖర్చులకు కూడా చాలవు.

తీసే ముందు చేయాల్సినవి

పూల్ అయినా, క్యారమ్ అయినా, బరువులెత్తడం అయినా పద్ధతి ఒకటే.

బల్ల మొత్తం కనిపించేలా ఒక కెమెరాను స్టాండు మీద పెట్టి, మొదలు నుంచి చివరి దాకా ఆపకుండా తీయాలి. ఎడిటింగ్ చేసిన వీడియో సాక్ష్యంగా పనికిరాదు. వీలైతే రెండో ఫోన్ ఇంకో వైపు నుంచి నడవాలి. చార్జింగ్ వైరు, ఖాళీ మెమరీ ముందే చూసుకోవాలి. సగంలో ఫోన్ ఆగిపోతే స్పెన్సర్ కథే.

ఆట మొదలయ్యే ముందు బల్ల పొడవు, పాకెట్ల వెడల్పు టేపుతో కొలిచి ఆ కొలత కెమెరాకు చూపించాలి. రేపు వచ్చే వాదనల్లో సగం దీని మీదే ఉంటాయి.

బంధువులు కాని ఇద్దరు పెద్దలను సాక్షులుగా కూర్చోబెట్టి, అయ్యాక తేదీ, సమయం, స్కోరు రాసి సంతకాలు తీసుకోవాలి. స్కూల్ పీఈటీ అయితే ఇంకా మంచిది.

వీడియో హక్కు ఎవరిదో, ఆదాయం వస్తే ఎవరికి ఎంతో ఒక కాగితం మీద ముందే రాసుకోవాలి. పార్లర్ యజమాని అనుమతి కూడా అందులోనే. స్నేహం చెడకుండా ఉండాలంటే ఇది తప్పదు.

అసలు ఫైల్‌ను రెండు చోట్ల దాచాలి. వాట్సాప్‌లో పంపిన కాపీ నాణ్యత తగ్గిపోతుంది, అది అసలు ఫైల్ కాదు.

చివరిగా ఒక హెచ్చరిక. ఎంత వైరల్ అయినా వీడియో స్పోర్ట్స్ కోటాకు పనికిరాదు. అక్కడ అడిగేది గుర్తింపు పొందిన పోటీల సర్టిఫికెట్. చెన్నైకి చెందిన ఆటో డ్రైవర్ కూతురు ఖాజిమా 2024లో అమెరికాలో జరిగిన క్యారమ్ ప్రపంచ కప్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. తమిళనాడు ప్రభుత్వం కోటి రూపాయల నజరానా ఇచ్చింది. ఆ కోటి వచ్చింది ఫోన్ వీడియో చూసి కాదు, అధికారిక పోటీలో గెలిచిన పతకాలు చూసి. కాబట్టి జిల్లా, రాష్ట్ర పోటీలకు వెళ్లడం మొదటి పని. వీడియో ఆ పనికి తోడు.

ఆడే చేతికి ఉన్న విలువ దేవుడిచ్చింది, సాధనతో పెరిగింది. ఆ విలువ ఇంటికి చేరడానికి కావాల్సినవి చాలా చిన్నవి: ఆగకుండా నడిచే ఒక కెమెరా, ఒక కొలత టేపు, ఇద్దరు సాక్షులు, ఒక సంతకం చేసిన కాగితం. ఇంట్లో ఆడే బిడ్డ ఉంటే ఈ నాలుగూ ఈ వారమే సిద్ధం చేసిపెట్టండి.